ఇంట్లో రీఫ్ ట్యాంక్ పెట్టడం ఎలా: మూడడుగుల అద్దం, 150 లీటర్ల ఉప్పునీళ్ళు

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలూ సముద్రపు చేపలూ కలిసి బతికే ఉప్పునీళ్ళ అక్వేరియం. లైటు ఏది కొనాలి, చేప ఏది తేవాలి అనే చర్చ తర్వాత. ముందు చట్టం సంగతి తేల్చుకోండి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని 2001లో అందులో చేర్చారు. సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్ కూడా అదే జాబితాలోకి వస్తాయి. సముద్ర గుర్రాలు, సీ కుకుంబర్లు సరేసరి. షాపువాడు టార్చ్, హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, బబుల్, బ్రెయిన్, ఆక్రోపోరా అని ఏ పేరు చెప్పినా అవన్నీ రాతి పగడాలే. అందరూ అమ్ముతున్నారు కదా అన్నది అటవీశాఖ వాళ్ళ ముందు పనికొచ్చే జవాబు కాదు. సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్ కూడా పగడపు అస్థిపంజరమే, దాని జోలికీ వెళ్ళొద్దు.

అందుకని ఇక్కడ చెప్పేదంతా మెత్తటి పగడాల ట్యాంకు గురించే. జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్, లెదర్ కోరల్, జీనియా, కెన్యా ట్రీ లాంటివన్న మాట. అలలో ఊగుతాయి, రంగులుంటాయి, మన కరెంటునీ మన ఎండలనీ రాతి పగడాలకంటే బాగా తట్టుకుంటాయి. చట్టం లేకపోయినా మొదటి ట్యాంకుకి వీటినే ఎంచుకోవడం తెలివైన పని.

ట్యాంకు, స్టాండు, చోటు

మొదటిసారి పెట్టేవాళ్ళకి 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు సరిగ్గా సరిపోతుంది. అంచుదాకా నింపితే 180 లీటర్లు పడుతుంది. రాయి, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నికరంగా 150 లీటర్లు అనుకోండి. ఇకపై లెక్కలన్నీ ఈ 150 మీదే. చిన్నది చవక కదా అని 40 లీటర్లతో మొదలుపెట్టే వాళ్ళుంటారు. కానీ చిన్న ట్యాంకులో ఒక చేప చచ్చి ఒక పూట కనిపించకపోతే చాలు, మొత్తం నీళ్ళు పాడవుతాయి.

అద్దం 10 మిల్లీమీటర్లది తీసుకోండి. దాని బరువే 40 కిలోలు. నీళ్ళు, రాయి, ఇసుక, స్టాండు అన్నీ కలిస్తే 250 నుంచి 300 కిలోలవుతుంది. అపార్ట్‌మెంట్లో గది నడిమధ్య కాకుండా గోడవారగా, వీలైతే కింద బీమ్ ఉన్న వైపు పెట్టాలి. స్టాండు నాలుగు మూలలా స్పిరిట్ లెవల్ పెట్టి చూసి, పైన ఒక ఫోమ్ షీటు పరిచి ట్యాంకు ఎక్కించండి. కిటికీ ఎండ తగిలే చోటు వద్దు. పూజగది పక్కనా వద్దు, ఎందుకో తర్వాత చెప్తాం. గ్లాసు షాపులో చేయించుకుంటే సిలికాన్ ఆరడానికి వారం రోజులు వదిలి, ఆ తర్వాత మామూలు నీళ్ళతో నింపి 48 గంటలు ఉంచి కారుతోందేమో చూడాలి. ఈ పరీక్ష బాల్కనీలో చేసుకోండి, హాల్లో కాదు.

వీలుంటే కింద సంప్, అంటే పై ట్యాంకు నీళ్ళు దిగే రెండో తొట్టి, పెట్టించండి. హీటరు, స్కిమ్మరు (బుడగలతో మురికిని నురగగా లాగేది), రిటర్న్ పంపు (నీళ్ళని మళ్ళీ పైకి తోడేది) అన్నీ అందులోకి పోతాయి. సంప్‌లో జనం చేసే పొరపాటు ఒకటే: నిండా నింపడం. కరెంటు పోగానే పై ట్యాంకు నీళ్ళు కొన్ని పైపుల గుండా కిందికి దిగుతాయి. ఆ నీళ్ళకి చోటు లేకపోతే మీ నేలమీదికే. నింపిన రోజే పంపు స్విచ్ ఆపి, నీళ్ళు ఎంతవరకు లేచి ఆగుతాయో చూడండి. అంచుకి కనీసం మూడు వేళ్ళ ఎడం ఉండాలి. పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి, ఆ గీత దాటి ఎప్పుడూ పోయకూడదు. రిటర్న్ పైపు మూతి నీటి మట్టానికి బాగా కిందుంటే అది సైఫన్‌లా లాగేస్తుంది. మట్టానికి కాస్త కింద పైపుకి చిన్న బెజ్జం వేస్తే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఆ బెజ్జంలో పాచి పేరుకోకుండా నెలకోసారి టూత్‌పిక్‌తో పొడవాలి.

సామాను విషయానికొస్తే: గంటకు 700 నుంచి 1000 లీటర్లు తోడే రిటర్న్ పంపు ఒకటి, ట్యాంకులో నీళ్ళని కదిలించడానికి గంటకు 3000 నుంచి 4000 లీటర్ల వేవ్ మేకర్ ఒకటి, 300 లీటర్లకు సరిపోతుందని రాసిన ప్రోటీన్ స్కిమ్మర్ ఒకటి, 150 వాట్ల హీటరు, నీలం ఎక్కువగా ఇచ్చే ఎల్ఈడీ లైటు. ఇవన్నీ నడిచే సర్క్యూట్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, ఎర్తింగ్ కూడా. ఉప్పునీళ్ళు కరెంటుని మంచినీళ్ళకంటే ఎన్నో రెట్లు బాగా మోసుకుపోతాయి. ప్రతి వైరూ ప్లగ్గుకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరిగేలా కట్టండి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే కిందపడుతుంది, ప్లగ్గుదాకా పోదు.

వేడి, కరెంటు కోత

ట్యాంకు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 29 దాటితే పగడాలు ముడుచుకుంటాయి. 31లో రెండు మూడు రోజులుంటే తెల్లబోవడం మొదలవుతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిన ట్యాంకులో చేపల్ని చంపేది ఎక్కువగా ఈ ఊపిరాడకపోవడమే.

హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల ఊళ్ళలో నీటిపైన గాలి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు పెడితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. కొత్తకుండ నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. విశాఖలో, కాకినాడలో గాలి నిండా తేమే కాబట్టి అక్కడ ఫ్యాను అంతగా పనిచేయదు, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కొనక తప్పదు. 150 లీటర్లకు పదో వంతు హార్స్‌పవర్ చిల్లర్ చాలు. దాన్ని స్టాండు అరలో పెట్టి తలుపులు మూయొద్దు. నీళ్ళలోంచి లాగిన వేడిని అది గాల్లోకి వదులుతుంది, ఆ గాలి బయటికి పోకపోతే మళ్ళీ దాన్నే పీల్చుకుని రోజంతా ఆగకుండా తిరుగుతుంది. హీటరు మన దగ్గర ఎందుకు అంటారు కొందరు. హైదరాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున ట్యాంకుని ముట్టుకుని చూడండి.

ఇన్వర్టర్ మీద వేవ్ మేకర్ ఒక్కటీ ఉంచండి. 10, 15 వాట్ల పని, మామూలు ఇంటి బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది. లైటు, చిల్లర్, హీటరు దానిమీద వద్దు. ఇన్వర్టర్ లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని ఛార్జ్ చేసి ఉంచుకోవాలి.

నీళ్ళు: సగం పని ఇదే

సముద్రం పక్కనే ఉంది, ఆర్‌కే బీచ్‌లో రెండు డ్రమ్ములు నింపుకుంటే పోలా అని విశాఖ వాళ్ళు అడుగుతారు. ఊళ్ళో కాలువలు, ఓడరేవు కలిసే ఒడ్డు నీళ్ళవి, ఏ రోజు వాటిలో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. ఇసుక సంగతీ అంతే. భీమిలి ఇసుకలో ఎర్రగా, నల్లగా మెరిసేవి గార్నెట్, ఇల్మనైట్ ఖనిజాలు. రీఫ్ ట్యాంకుకి కావలసింది సున్నపు జాతి అరగొనైట్ ఇసుక.

బోరు నీళ్ళు అసలే వద్దు. వంటింటి ఆర్‌ఓ నీళ్ళు కూడా నేరుగా పనికిరావు, ఎందుకంటే రుచి కోసం వాటిలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ కొంత పచ్చినీటిని మళ్ళీ కలుపుతుంది. 20 లీటర్ల క్యాన్ నీళ్ళదీ అదే కథ. మీకు కావలసింది టీడీఎస్ మీటర్ మీద సున్నా. ఆర్‌ఓ మెంబ్రేన్ తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలిస్తే వస్తుంది. మంచి మెంబ్రేన్ 95 శాతం దాకా ఆపుతుంది. అంటే 600 టీడీఎస్ బోరు నీళ్ళు మెంబ్రేన్ దాటాక 30కి వస్తాయి, ఆ 30ని రెజిన్ సున్నా చేస్తుంది. మెంబ్రేన్ పాతబడితే రెజిన్ వారాల్లో అయిపోతుంది. కాబట్టి రెజిన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవడం అలవాటు చేసుకోండి. రోజుకి 75 గ్యాలన్ల మెంబ్రేన్ గంటకు 10 నుంచి 12 లీటర్లు ఇస్తుంది, మొదటి నింపుడుకి ఒక పగలూ కొంత రాత్రీ పడుతుంది. ఈ నీళ్ళని రాగి బిందెలోగానీ ఇత్తడి గుండిగలోగానీ పట్టొద్దు. మనకి ఆరోగ్యమనుకునే ఆ రాగే రొయ్యలకీ నత్తలకీ విషం. ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ము, అదీ సర్ఫు తగలనిది వాడండి.

ఉప్పు అంటే కల్లుప్పు కాదు, రీఫ్ సాల్ట్ మిక్స్. రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మెరిన్ లాంటివి మన దగ్గర దొరుకుతాయి. కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. విడి కవర్లలో కట్టి అమ్మేది కొనకండి, రవాణాలో బరువు గింజలు అడుక్కి దిగి ఒక్కో కవరు ఒక్కో తీరుగా ఉంటుంది. లీటరుకి సుమారు 37 గ్రాములు, అంటే 150 లీటర్లకి 5.5 కిలోలు. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. డ్రమ్ములో ఉప్పు పోసి దానిమీద నీళ్ళు పడితే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి సున్నంగా గడ్డకడతాయి, మళ్ళీ కరగవు. నీళ్ళలో చిన్న పంపు తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడు చల్లుతూ పోండి, 24 గంటలు కలవనివ్వండి.

లక్ష్యం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళ ఉప్పు. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళకి ఇది చేతిలో పనిముట్టే, అక్కడి ఆక్వా షాపుల్లో సాలినోమీటర్ అని అడిగితే ఇస్తారు. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి తిప్పి సరిపెట్టుకుంటారు చాలామంది. అది చాలదు, సున్నా దగ్గర నిక్కచ్చిగా ఉన్న మీటరే 35 దగ్గర రెండు మూడు తేడా చూపిస్తుంది. 36.5 గ్రాముల వంట ఉప్పుని 963.5 గ్రాముల సున్నా టీడీఎస్ నీళ్ళలో కరిగించండి. ఆ ద్రావణం కాంతిని 35 పీపీటీ సముద్రపు నీరు వంచినట్టే వంచుతుంది. రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగి, వెలుతురుకేసి చూసి గీతని 35 మీదికి తిప్పండి. మూత బిగించిన సీసాలో దాచుకుంటే నెలనెలా సరిచూసుకోవచ్చు.

రాయి, ఇసుక, నింపడం

12 నుంచి 15 కిలోల డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి), మనుషులు తయారుచేసినదైతే మేలు. సున్నా టీడీఎస్ నీళ్ళలో వారం నానబెట్టి దుమ్ము వదిలించండి. రాళ్ళని నేరుగా అద్దం మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పొయ్యాలి. ఇసుక మీద రాళ్ళు పేరిస్తే ఏదో ఒకరోజు గోబీ చేపో పిస్టల్ రొయ్యో కింద తవ్వుతుంది, గుట్ట అద్దం మీదికి ఒరుగుతుంది. ముందు అద్దానికీ రాయికీ నాలుగు వేళ్ళ ఎడం వదలండి, పాచి గీకే అయస్కాంతం తిరగాలి కదా. గోడలా పేర్చేయకుండా మధ్యలో సందులు, ఒక చూరు, రెండు గుహలు ఉంచితే నీళ్ళు ఆడతాయి, చేపలకి దాక్కునే చోటూ ఉంటుంది. కదిలే రాళ్ళని సూపర్‌గ్లూ జెల్, ఎపాక్సీ పుట్టీ కలిపి అతకండి.

ఇసుక 15 నుంచి 18 కిలోలు, మూడు సెంటీమీటర్ల మందం వస్తుంది. బియ్యం కడిగినట్టు నీళ్ళు తేటపడేదాకా కడగాలి. అడుగున ఒక ప్లేటు పెట్టి దానిమీద మెల్లగా ఉప్పునీళ్ళు పోయండి. ఒకటి రెండు రోజులు పాలలా ఉంటుంది, దానంతటదే తేరుకుంటుంది.

సైకిల్: ఖాళీ ట్యాంకుకి తిండి పెట్టడం

చేప విసర్జించే అమ్మోనియాని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఆ నైట్రైట్‌ని ఇంకొకటి నైట్రేట్ చేస్తుంది. కొత్త ట్యాంకులో ఈ రెండూ లేవు. అవి రాళ్ళని పట్టుకుని పెరిగేదాకా మూడు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఈలోపు చేపని వదిలి సైకిల్ చేయించడం పాత పద్ధతి, చేపకి మొప్పలు కాలిపోయే పద్ధతి కూడా.

సీసా బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్ వేయండి. కళాయి వేసేవాళ్ళ నవసారం ఇదే, కానీ బజారు నవసారంలో ఏ లోహాలు కలిసి ఉంటాయో తెలియదు, ల్యాబ్ సరుకే కొనండి. 150 లీటర్లకి 0.9 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్ళకి రెండు) వస్తుంది. ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందనుకోవద్దు, 5 పీపీఎం దాటితే ఆ బ్యాక్టీరియానే మందగిస్తుంది. ట్యాంకు 27 డిగ్రీల్లో, వేవ్ మేకర్ తిరుగుతూ ఉండాలి. లైటు వద్దు, స్కిమ్మర్ వారం పాటు ఆపండి.

రెండు రోజులకోసారి కొలుస్తూ ఉంటే ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది, తర్వాత అదీ దిగుతుంది. మళ్ళీ 0.9 గ్రాములు వేసి చూడండి. 24 గంటల్లో అమ్మోనియా సున్నా అయితే ట్యాంకు సిద్ధమైనట్టే. నైట్రైట్ కాస్త మిగిలినా కంగారు పడక్కర్లేదు, ఉప్పునీళ్ళలోని క్లోరైడ్ దాన్ని చేప మొప్పల్లోకి పోనివ్వదు. చివర్లో మూడో వంతు నీళ్ళు మార్చి, లైటు రోజుకి ఆరేడు గంటలు, 30 శాతం వెలుగుతో మొదలుపెట్టండి.

ఇక అసలు పరీక్ష. మూడు నాలుగు వారాలకి ఇసుక మీద గోధుమరంగు పొడి కమ్ముకుంటుంది. అది డయాటమ్ పాచి, కొత్త ఇసుకలోని సిలికేట్ అయిపోగానే పోతుంది. తర్వాత పచ్చటి వెంట్రుకల నాచు వస్తుంది, ఒక్కోసారి ఎర్రటి జిగురు దుప్పటి పరుచుకుంటుంది. మూడు నెలలదాకా ఏ ట్యాంకైనా ఇంతే. చాలామంది ఇక్కడే భయపడి, ఫాస్ఫేట్ లాగే మందులన్నీ పోసి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి దించేస్తారు. అప్పుడు డైనోఫ్లాజలేట్లు దిగుతాయి. ముక్కు చీమిడిలా తీగలు తీగలుగా సాగుతూ బుడగలు పట్టుకుని ఉంటాయి, రాత్రి మాయమై పగలు మళ్ళీ వస్తాయి. వాటిని వదిలించుకోవడం మామూలు నాచుకంటే పది రెట్లు కష్టం. అందుకని నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి. పాచిని చేత్తో పీకండి, గొట్టంతో లాగండి. ట్యాంకుకి తిండి మాత్రం మాడ్చకండి.

ఎవరు ముందు, ఎవరు తర్వాత

గోధుమ పాచి కనబడ్డాక నత్తల్ని దింపండి. సెరిత్ ఎనిమిది, నసేరియస్ నాలుగు, చిన్న హెర్మిట్ పీతలు మూడు చాలు. షాపువాడు ముప్పై చెప్తాడు, అంతమందికి తిండి ఉండదు, ఆకలికి చచ్చినవి నీళ్ళని పాడుచేస్తాయి.

చేపలకి ముందు క్వారంటైన్. 40 లీటర్ల ఖాళీ ట్యాంకు, స్పాంజి ఫిల్టరు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. ఇసుక, రాయి వద్దు, అవి రాగి మందుని పీల్చేస్తాయి. ప్రతి చేపా అక్కడ 30 రోజులు. మెరైన్ ఇచ్ తెల్లచుక్కలకీ, బంగారు పొడి చల్లినట్టు కనిపించే వెల్వెట్‌కీ రాగి మందు పనిచేస్తుంది, సీసామీద రాసిన మోతాదుని టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వాడాలి. వెల్వెట్ అయితే రెండు మూడు రోజుల్లోనే చంపేస్తుంది. ఆ రాగి మందు చుక్క కూడా పెద్ద ట్యాంకులో పడకూడదు. వ్యాధి పెద్ద ట్యాంకులోకి వచ్చిందా, చేపలన్నిటినీ తీసి 76 రోజులు ట్యాంకుని చేపల్లేకుండా ఉంచడం ఒక్కటే దారి. రాళ్ళ మధ్య చేపని పట్టుకోవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నిస్తే 30 రోజుల క్వారంటైన్ ఎంత సుఖమో తెలుస్తుంది.

చెన్నై నుంచో ముంబై నుంచో పార్సిల్లో వచ్చిన చేపని గంటలకొద్దీ చుక్కచుక్కగా అలవాటు చేయడం పైకి జాగ్రత్తలా ఉంటుంది, నిజానికి ప్రమాదం. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది, అందుకే అందులో పోగైన అమ్మోనియా అంతసేపూ చేపని ఏమీ చేయదు. సంచి విప్పగానే ఆ గ్యాసు పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి ఎన్ని పీపీటీ ఉప్పునీళ్ళలో పంపుతున్నారో షాపుని ముందే అడగండి, క్వారంటైన్ నీళ్ళని అంతకే కలిపి ఉంచండి. సంచిని 15 నిమిషాలు తేలనిచ్చి, విప్పి, జల్లెడ గిన్నెతో చేపని మాత్రం వెంటనే మార్చేయండి. సంచి నీళ్ళు పారబోయాలి. నత్తలు, రొయ్యలు ఉప్పు మార్పుని తట్టుకోలేవు, వాటికి మాత్రం గంట, గంటన్నర చుక్కల పద్ధతే.

మొదటి చేపలుగా ఒసెల్లారిస్ క్లౌన్ జత తీసుకోండి. హేచరీలో పుట్టినవి అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించింది, సముద్రంలో పట్టినవి కొనాల్సిన పనిలేదు. రెండూ చిన్నవై, ఒకటి కాస్త పెద్దదై ఉండాలి. క్లౌన్లన్నీ మొదట మగవే, జతలో పెద్దది ఆడదవుతుంది. ఎదిగిన రెండు ఆడ చేపల్ని కలిపితే ఒకటే మిగులుతుంది. నెల తర్వాత ఫైర్‌ఫిష్ గోబీ ఒకటి, ఇంకో నెలకి వాచ్‌మన్ గోబీ, ఆ తర్వాత పైజామా కార్డినల్ లేదా టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. మొత్తం అయిదు, ఎక్కువైతే ఆరు. ఫైర్‌ఫిష్ బెదిరితే గాల్లోకి దూకుతుంది, పైన వల మూత ఉండాల్సిందే. సిక్స్‌లైన్ రాస్ కావాలంటే అన్నిటికంటే చివర వదలండి, ముందొచ్చిందంటే ట్యాంకు తనదే అంటుంది.

నీలి టాంగ్, అదే పిల్లలు డోరీ అని అడిగేది, అడుగు పొడవు పెరుగుతుంది, దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి. మాండరిన్ చేప బతికున్న సూక్ష్మ పురుగుల్ని తప్ప తినదు, కొత్త ట్యాంకులో అవి ఉండవు. బటర్‌ఫ్లై చేపలు పగడాల్ని కొరుకుతాయి. డామ్సెల్స్ చవక, ఆ చవక మిగతా చేపల రెక్కల మీద తేలుతుంది.

పగడాలు

రెండో మూడో నెలలో, ఫాస్ఫేట్ కొలత నిలకడగా ఉన్నప్పుడు మొదటి మష్రూమ్, మొదటి జోవాంథిడ్ ముక్క. తెచ్చిన వెంటనే కోరల్ డిప్‌లో, అంటే పురుగుల్ని వదిలించే మందు నీళ్ళలో, పది నిమిషాలు ముంచి, ముక్క అడుగునా సందుల్లోనూ గుడ్లు, నూడిబ్రాంక్ పురుగులు, ఐప్టేసియా అనే కలుపు ఎనిమోన్ ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ముందు ఇసుక మీద, నీడలో పెట్టి, రెండు వారాలకి కాస్త పైకి. మష్రూమ్‌లకి 50, లెదర్‌కి 100 నుంచి 150 పార్ (పగడాలకి పనికొచ్చే వెలుగు కొలత) చాలు. లైటుని వారానికి 5 శాతం చొప్పున పెంచుతూ రోజుకి ఎనిమిది, తొమ్మిది గంటలకి తీసుకెళ్ళండి. జీనియాని మిగతా రాళ్ళకి అంటకుండా విడిగా ఒక రాయిమీద ఉంచాలి, వదిలితే ఆరు నెలల్లో అంతా అదే. లెదర్ కోరల్ అప్పుడప్పుడు వారం పాటు ముడుచుకుని, మైనం పూసినట్టయి, పొర విడుస్తుంది. చచ్చిపోలేదు, వేవ్ మేకర్ నీళ్ళ ఒరవడి తగిలేలా తిప్పండి చాలు.

ఒక హెచ్చరిక. జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. అవి పెరిగిన రాయిమీద మరిగే నీళ్ళు పోసి శుభ్రం చేద్దామని ఎప్పుడూ అనుకోవద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి.

రోజూ, వారానికోసారి

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. ఫ్యాన్లు తిరిగే ఎండాకాలంలో రోజుకి నాలుగు లీటర్లు పోతాయి, అప్పుడు 35 కాస్తా 36కి చేరుతుంది. ఆ లోటుని మంచినీళ్ళతోనే, అంటే ఉప్పు కలపని సున్నా టీడీఎస్ నీళ్ళతోనే నింపాలి. తగ్గిన నీళ్ళని తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టించుకుంటే ఈ బెంగ ఉండదు, దాని ఫ్లోట్‌కి నత్త అడ్డం పడకుండా చిన్న జాలీ కట్టండి. వారానికి 15 లీటర్ల ఉప్పునీళ్ళు మార్చండి. మెత్తటి పగడాల ట్యాంకుకి ఇదే మందు, కాల్షియం సీసాలు పోయనక్కర్లేదు. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం చుట్టూ ఉంటే చాలు. ఏసీ గదిలో తలుపులన్నీ మూసి పడుకున్న పొద్దున పీహెచ్ 7.8 చూపిస్తుంది. మందు పోయకండి. గదిలో మనం వదిలిన గాలే దానికి కారణం, కిటికీ తెరవండి.

తిండి రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. ఫ్రోజెన్ మైసిస్‌ని (గడ్డకట్టించిన బుల్లి రొయ్యల్లాంటి మేత) సున్నా టీడీఎస్ నీళ్ళలో కరిగించి, వడకట్టి వెయ్యండి. చెరువు రొయ్యని పచ్చిగా తరిగి వేసే అలవాటుంటే మానుకోండి, దాంట్లో తెల్లమచ్చ వైరస్ ఉంటే మీ క్లీనర్ రొయ్యకీ అంటుకుంటుంది.

పూజగది సంగతి ఇప్పుడు. స్కిమ్మర్ గదిలో గాలిని పీల్చి నీళ్ళలో కలుపుతుంది. అగరుబత్తి పొగ, దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే అన్నీ అటే పోతాయి. దోమల మందుల్లోని పైరెత్రాయిడ్లు మనుషుల్ని పెద్దగా ఏమీ చేయవు కానీ రొయ్యల్నీ చేపల్నీ చాలా తక్కువ మోతాదులోనే చంపుతాయి. ఆ గదికి దోమతెర కట్టుకోండి. కొబ్బరినూనె, శానిటైజర్ రాసిన చెయ్యి ట్యాంకులో పెట్టేముందు మోచేతిదాకా కడగండి. ఒక స్టాకింగులో గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడూ సంప్‌లో వేలాడుతూ ఉండాలి, నెలకోసారి మార్చండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నారనుకోండి. అయిదు రోజులు తిండి లేకపోయినా ఎదిగిన చేపలకి ఏమీ కాదు. పక్కింటివాళ్ళకి మేత డబ్బా అప్పగిస్తే మాత్రం అభిమానంతో ఒక్కపూటకే సగం డబ్బా పోసేస్తారు. తప్పదనుకుంటే పూటకి ఒక చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి, డబ్బా దాచేసి వెళ్ళండి. టాప్ ఆఫ్ డ్రమ్ములో 20 లీటర్లు నింపి, సంప్ పక్కన గీత ఫోటో తీసి పక్కింటివాళ్ళకి పంపి, నీళ్ళు గీత దిగితే ఫోన్ చేయమనండి.